రాజులున్న చోట ఖాజా

సౌదీవాళ్ళకు ఇన్ని కొలువులివ్వాలనే నితాఖత్ లెక్కలో తప్పి మా కంపెనీ ఎర్రబడింది; మా ముఖాలు తెల్లబడ్డాయి. పైన పరాయి దేశపు పనివాడికి తలకింతని లెవీ కూడా వచ్చి పడ్డాక అల్ ఖర్జ్ క్యాంపులో మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నాకూ ఎగ్జిట్ కొట్టారు. విమానం శుక్రవారం మధ్యాహ్నం. గురువారం ఒక్కరోజు నాది.

ఆ రోజుకు పని ముందే ఉంది. నా కింది మంచం ఖాజాది. కోరుట్ల మనిషి, నేను టైల్స్ పరిస్తే సిమెంటు కలిపేవాడు. ఆరు నెలల కిందట గుండె ఆగి పోయాడు. రియాద్ నడిబొడ్డున అల్ ఊద్ శ్మశానంలో మట్టి చేశాం. నేను వెళ్ళిపోతున్నానని తెలిసి అతని భార్య రజియా ఫోన్ చేసింది. "నువ్వు గూడ వచ్చేస్తే ఆడ ఆయనకు ఎవలున్నరన్నా? పేరన్న పెట్టి రా. పోరగాండ్లు పెద్దగై ఎన్నడన్న పోతే దొరకాలె."

మిగిలిన గ్రానైటు ముక్క మీద గ్రైండర్‌తో పేరు చెక్కాను. ఇరవయ్యేళ్ళుగా రాళ్ళు కోస్తున్నాను గాని, అక్షరాలు కోయడం అదే మొదలు. వంకర నాది, పేరు ఖాజాది.

ఉదయం ఆరున్నరకు షేర్ టాక్సీ ఎక్కాను. పక్కన జగిత్యాల మనిషి, డ్రైవరట. నా ఒళ్ళోని సంచి చూసి, "బంగారమా కాకా?" అన్నాడు. గ్రానైటన్నాను, మాది కరీంనగరన్నాను. "గ్రానైటు గుట్టల కరీంనగరోనివి, ఈడ రాయి మోస్తున్నవా?" అని నవ్వాడు. సంగతి చెప్పాక నవ్వు ఆపి, రియాద్ దాకా సంచి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎనిమిదింటికి బత్హా బజారులో దిగి, సామాను మా ఊరివాళ్ళ గదిలో దింపి, పరోటా తిని, నడిచి వెళ్ళాను. గేటు లోపల గోపురం లేదు, చెట్టు లేదు. మట్టి కుప్పలు, తలవైపు ఒక్కో బండరాయి. గోడ నుంచి నాలుగో వరస, చివరి నుంచి మూడోది అని గుర్తు పెట్టుకున్నాను. ఆరు నెలల్లో కొత్త కుప్పలు చేరి ఆ చివర ఎంతో దూరం జరిగిపోయింది. టైల్స్ మేస్త్రీనై ఉండి, కొలత ఎక్కడి నుంచి పట్టాలో తెలియకపోయింది.

కాపలా ఉన్న బంగ్లాదేశ్ ముసలాయన నా రాయిని చేత్తో తడిమి, తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ పేర్లు పెట్టరట. ఈ రాజ్యాన్ని నిలబెట్టిన రాజు, ఆ తరువాతి రాజులు ఈ మట్టిలోనే ఉన్నారట; అందరిలాగే సాదా గుడ్డ, అందరిలాగే ఒక కుప్ప. రాజుది ఏదని అడిగితే చేయి గాలిలో తిప్పాడు.

"బాద్షా కా భీ నామ్ నహీ, భాయ్. తుమ్ రఖోగే, ముఝే హటానా పడేగా."

రాజుకే పేరు లేదు, నేను పెట్టిపోతే తనే తీసెయ్యాలట. వరస మాత్రం చూపించాడు. ఖాజాది ఏదో తెలియక సీసాలో నీళ్ళు వరస పొడుగునా చల్లుతూ పోయాను. సగంలోనే అయిపోయాయి.

ఆ రాత్రి బత్హాలో ఆ గదిలోనే తల దాచుకుని, మర్నాడు పదింటికి ఎయిర్‌పోర్టు చేరాను. రజియాకు ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరి ఆ రాయేదన్నా?"

"నా దగ్గర్నే ఉంది చెల్లె."

"పారెయ్యకు. తే. బరువైతదా?"

కాదన్నాను. కౌంటర్ దగ్గర బరువు ఎక్కువైంది. పిల్లల కోసం కొన్న ఖర్జూరాల డబ్బా, దుప్పటి తీసి పక్కన పెట్టాను. ఏడేళ్ళ సౌదీ నుంచి కరీంనగర్‌కు రాయి తీసుకుపోతున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.