స్లాబ్ వేసిన రోజు

“...తెలిసి కూడా కిందికి దిగలేదని మీరే కదా అందరి ముందూ చెప్పింది!”

“గొంతు తగ్గించమ్మా. పక్క గదిలో పిల్లలు పాట నేర్చుకుంటున్నారు.”

“నేర్చుకోనివ్వండి. మా అక్క చావు మీద కూడా ఓ పాట కట్టించకపోయారా, అయ్యగారూ?”

చర్చి వెనక స్నానాలగదిలో టైల్స్ అతికిస్తున్న మేస్త్రి చేయి ఆగింది. గోడకి అవతల పాస్టరుగారి ఆఫీసు గది. వెంటిలేటరులోంచి ప్రతి మాటా వినిపిస్తోంది. ఆ గొంతు మరదలిది, పోయిన భార్య చెల్లెలిది. అక్కని పూడ్చిపెట్టిన రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే అవతలి పక్కకి దాటిపోయేది. కారణం అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

చేతిలో ఉన్న టైలు గోడకి ఆనించి, నాలుగు మూలలూ తాపీ పిడితో తట్టి, అప్పుడు లేచాడు.

ఏటా వేసవి సెలవుల్లో చర్చి బృందం సముద్రం దాటి వెళ్ళి, అవతలి దేశంలో ఏదో ఒక పేద ఊళ్ళో బడి కట్టి వస్తుంది. టీచర్లు, గుమాస్తాలు, కొట్లవాళ్ళు ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకుని వెళ్తారు. ఇద్దరు ఇసుక బొచ్చె పట్టుకుంటే ముగ్గురు ఫొటో తీస్తారు. మొదటి రోజు చేతులు బొబ్బలెక్కుతాయి. రెండో రోజు ఆ బొబ్బలకే ఫొటో. కట్టడం తెలిసినవాడు మేస్త్రి ఒక్కడే. అందుకే అతన్ని అందరూ ‘స్లాబ్ బ్రదర్’ అనేవాళ్ళు. పని జరిగేటప్పుడు ధ్యాస చెదరకూడదని ఫోన్లన్నీ ఓ సంచిలో వేసి అయ్యగారికి అప్పజెప్పడం వాళ్ళు పెట్టుకున్న నియమం.

పోయిన ఏడు స్లాబ్ వేసే రోజు పొద్దున్నే ఆ సంచిలో మేస్త్రి ఫోను మోగింది. అయ్యగారు తీశారు. అప్పటికి ఒక మూల కాంక్రీటు పడింది. మిక్సరు తిరగడం మొదలయ్యాక చివరి మూల దాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, ఆ అతుకులోంచి వాన దిగుతుంది. ఆ మాట అందరికీ పదేపదే చెప్పింది మేస్త్రే. అయ్యగారు కాసేపు మెట్ల దగ్గర నిలబడి, పైకొచ్చి, అతనికి మంచినీళ్ళ సీసా అందించారు. అతను గటగటా తాగి, ఖాళీ సీసా తిరిగిచ్చి, మళ్ళీ వంగి మట్టం చూసుకున్నాడు.

సాయంత్రం, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అయ్యగారు చెప్పారు, భార్య గుండె ఆగి పోయిందని. మధ్యాహ్నం విమానం అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాతి విమానంలో అతను ఇల్లు చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది.

అతనికి ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పెడితే తింటాడు, పిలిస్తే పనికి వెళ్తాడు. ఒకరింట్లో పని చేస్తుంటే సుత్తి దెబ్బకి గోరు ఊడింది. టైలు మీద రక్తం చూసి ఇంటావిడ కేకేసేదాకా తెలియలేదు. పంపు రాత్రింబవళ్ళు కారుతోందని పక్కింటాయన వచ్చి తిట్టాకే కట్టేశాడు.

తిరిగొచ్చిన నెలకి అయ్యగారు ఆదివారం ఆరాధనలో ఆ సంగతి సాక్ష్యంగా చెప్పారు. భార్య పోయిన కబురు పొద్దున్నే విని, కళ్ళు తుడుచుకుని, ‘కానివ్వండి’ అని స్లాబ్ ముగించాడట బ్రదర్. జనం చప్పట్లు కొట్టారు. ఓ ముసలమ్మ వచ్చి అతని చేతులు కళ్ళకద్దుకుంది. లేచి కాదనాలని మేస్త్రికి తోచలేదు. అదంతా ఎవరో ఇంకో మేస్త్రి సంగతిలా విన్నాడు.

ఆఫీసు గుమ్మంలో అతన్ని చూసి మరదలు గిరుక్కున తిరిగింది.

“వచ్చావా బావా? మా మందుల షాపుకి ఎవరో వచ్చి ఈయనగారి ప్రసంగం ఫోనులో వినిపించారు. అందులోనూ అదే మాట. ఒక్కటి చెప్పు. పొద్దున నీకు తెలుసా, తెలీదా?”

“తెలీదు.”

“మరెప్పుడు తెలిసింది?”

“చేతులు కడుక్కుంటుంటే.”

ఆమె కుర్చీలో కూలబడింది. “మరి ఏడాది నుంచి నోట్లో సిమెంటు పోసుకున్నావా? పొద్దున్నే కబురు అందినా నువ్వు కావాలనే రాలేదనుకుని నీ మొహం కూడా చూడలేదే నేను!”

అప్పుడే అయ్యగారి భార్య టీ పళ్ళెంతో వచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, “అయ్యో, చక్కెర మరిచాను” అంటూ వెనుదిరిగింది. చక్కెర డబ్బా పళ్ళెంలోనే ఉంది.

“నీకు చెప్పినా ఆపేవాడివి కాదు మేస్త్రీ,” అన్నారు అయ్యగారు మెల్లగా. “నీ సంగతి నాకు తెలీదా?”

“ఏమో అయ్యగారూ. ఆపేవాడినేమో.”

“తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ సాక్ష్యం విని ఈసారి ఎంతమంది ముందుకొచ్చారో చూడు. ఆదివారం నువ్వు నా పక్కన నిలబడితే చాలు, మాట్లాడక్కర్లేదు. ఆ బడి పై అంతస్తు నీకోసమే ఆగింది. నువ్వు రాకపోతే కింది గదుల్లో పట్టని పిల్లలు చెట్టు కిందే కూర్చుంటారు.”

“ఇంకా ఈయన్ని నిలబెడతారా మీరు?” మరదలు లేచింది. “బావా, మాట్లాడవేం?”

మేస్త్రి తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళ మధ్య సిమెంటు ఆరి బిగుస్తోంది. కోపం వస్తుందేమోనని కాస్త ఆగాడు. రాలేదు. పక్క గదిలో పిల్లలు ఒకే చరణం మళ్ళీ మళ్ళీ తప్పు పాడుతున్నారు.

“ఆదివారం నేనే మాట్లాడతాను, అయ్యగారూ,” అన్నాడు. “నాకు సాయంత్రం దాకా తెలీదని చెప్తాను. ప్రయాణానికి వేరే మేస్త్రిని చూసుకోండి.”