మా ఇద్దరి రూపాయి

రూపాయి పడిపోతే పండగ చేసుకునే మనుషులు ఉంటారా అంటే, ఉంటారు. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో మా గదిలోనే ఇద్దరం ఉండేవాళ్ళం. అందులో ఒకణ్ణి నేను, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఏసీలు బిగించేవాణ్ణి. రెండోవాడు నా పక్క మంచం నేపాలీ. గదిలో మిగతా ఇద్దరివీ వేరే దేశాలు, వేరే డబ్బు. మా సంబరం వాళ్ళకు పట్టేది కాదు.

నేపాల్ రూపాయిని మన రూపాయికి కట్టేసి పెట్టారు. మన వంద ఎప్పుడూ వాళ్ళ నూట అరవై. ఖతార్ రియాల్ ముందు మనది పడితే అతనిదీ పడాల్సిందే. పడినప్పుడు పంపితే అదే జీతానికి ఇంట్లో ఎక్కువ రూపాయలు అందుతాయి. అందుకే జీతం రాగానే ఇంటికి పంపకుండా, రేటు పెరిగేదాకా ఇద్దరం కూడబలుక్కుని ఆగేవాళ్ళం. పొద్దున లేస్తూనే, పడిందా అని అడిగేవాడు. పడిందంటే ఆ సాయంత్రం ఎక్స్ఛేంజ్‌కు వెళ్ళి డబ్బు పంపి, కరక్ చాయ్ తాగి, నవ్వుకుంటూ నడిచి వచ్చేవాళ్ళం. మా ఊళ్ళో అందరూ దుబాయ్ అనే ఈ ఖతార్‌లో నాకున్న చుట్టం అతనొక్కడే.

పోయినేడు అతను ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ మంచం మీదికి వచ్చినవాడికీ నాకూ మాటల్లేవు. వాడి డబ్బూ వేరేదే, మాట్లాడటానికి ఏముంది, ఖర్మ! రేటు బాగుంటే నావాడు మళ్ళీ వస్తాడని మాత్రం ఆశ ఉండేది. మా కంపెనీలో మనుషులు కావాలంటున్నారు కూడా. ఆ మధ్య రూపాయి ఎప్పుడూ లేనంతగా పడింది. ఆగలేక, అల్ హిలాల్‌లో ఒక విల్లాలో డ్యూటీ మధ్యలోనే అతనికి ఫోన్ చేశాను. ఇంత మంచి రేటు మళ్ళీ రాదు, వచ్చేయమని ఊదరగొట్టాను.

అతను మెల్లగా హిందీలో చెప్పాడు.

"మీది పడితే మాదీ పడింది కదా భయ్యా. ఇక్కడ వంటనూనె, మందులు, అన్నీ పెరిగిపోయాయి. అక్కడున్నప్పుడు నాకిది తెలియలేదు. పిల్లల్ని వదిలి ఇంక నేను రాను."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. పని పక్కన పెట్టి, విల్లా మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ కలిపాను. మన దగ్గర కూడా ధరలు పెరిగాయా అని మా ఆవిడను అడిగాను. ఎప్పుడో పెరిగాయంది. మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని గద్దించాను.

"రేటు పెరిగిందని నువ్వు గంత సంబురంగ ఫోన్ చేస్తుంటివి. ఆడ నీకున్న సంబురమే గదొక్కటి. గా ఒక్క సంబురం సుత నేనెందుకు చెడగొట్టాలె?"

ఇన్నేళ్ళూ ఆమె కూడా నాతో కలిసి మురిసిపోతోందనే అనుకున్నాను.