గోల్‌పోస్టుకి లారీ దండ

మొన్న నేను బురదలో కూర్చుని ఏడుస్తున్న ఫోటోకి మీరంతా లవ్ సింబల్స్ పెట్టారు కదా. ఆ టీ ఇటివ్వండి, ఆ ఏడుపు అసలు సంగతి చెప్తాను. మా కాలేజీలో మాత్రం ఎవరి దగ్గరా అనకండి, దణ్ణం పెడతాను.

మా ఫుట్‌బాల్ టీమ్‌కి గోల్‌కీపర్‌ని నేనే. ఈ సీజన్లో కొన్ని గెలిచాం, కొన్ని ఎలా ఓడామో మాకే తెలీదు. ఆఖరి లీగ్ మ్యాచ్ ముందు ప్రిన్సిపాల్ గారు పిలిచి చల్లగా చెప్పారు. "సెమీస్‌కి వెళ్ళకపోతే వచ్చే ఏడాది నుంచి ఫుట్‌బాల్ ఉండదు. ఆ గ్రౌండ్‌లో బస్సులు పెట్టుకుంటాం."

ఆ రోజు మాకు డ్రా అయినా చాలు. అంటే ఏంటండీ? నేను గోల్ పడనివ్వకపోతే చాలు. అంటే మొత్తం నా నెత్తిమీదే! అన్నం సహించలేదు. కళ్ళు మూసుకుంటే నా కాళ్ళ మధ్య నుంచి బంతి వెళ్ళిపోతోంది, వెనకాలే కాలేజీ బస్సు వస్తోంది.

మా నాన్నకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ కట్టకుండా అక్కడ ఏ బండీ గేటు దాటదు. నా మొహం చూసి నాన్న ఓ దండ నా చేతిలో పెట్టాడు. "బండికి కట్టినట్టే కట్టరా. ఏ దిష్టీ తగలదు."

కట్టాను. గోల్ వెనకాల, నెట్ తాడుకి, రిఫరీకి కనపడకుండా. ఫస్ట్ హాఫ్‌లో వాళ్ళు ఎన్ని షాట్లు కొట్టారో! ఒక్కటీ లోపలికి రాలేదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

బ్రేక్ అయింది. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. సగం గ్రౌండ్ దాటాక నాకు దండ గుర్తొచ్చింది. లారీకి కడితే దండ లారీతో పాటే వెళ్తుంది. గోల్‌పోస్టు ఎక్కడికి వెళ్తుంది? పరిగెత్తుకుంటూ వెనక్కొస్తే, గుడివాడ నుంచి వచ్చిన వాళ్ళ కీపర్ అప్పటికే దానికి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

"బ్రో, అది మాది."

"ఉండనీ అన్నా. మాకు మాత్రం దిష్టి ఉండదా?"

ఇంతలో రిఫరీ విజిల్ ఊదేశాడు. ఇంక చేసేదేముంది?

అక్కణ్ణుంచి నా చూపంతా ఆ దండ మీదే. మా కెప్టెన్ కరీముల్లా కొట్టిన షాటు పోస్టుకి తగిలింది. ఇంకోటి వాళ్ళ కీపర్ మోకాలికి తగిలి బయటికి పోయింది. నా దండని వాడు నిక్షేపంగా వాడేసుకుంటున్నాడు. నా గోల్‌కేమో ఏ దిక్కూ లేదు. ముందురోజు వానకి ఎదురుగా బురద ఒకటి.

ఆట అయిపోవస్తోంది. స్కోరు సున్నా సున్నా. మాకు కార్నర్ వచ్చింది. అందరూ అటే చేరారు. ఆ గుంపులో నేనెళ్ళి దండ తెంపుకొచ్చేస్తే ఎవరు చూస్తారు? నాకా బుద్ధి ఎలా పుట్టిందో దేవుడికే తెలియాలి. గోల్ వదిలేసి పరిగెత్తాను. మా పీడీ సార్ గొంతు పోయేలా అరుస్తున్నారు, "ఒరేయ్ శీనూ, డ్రా చాల్రా! ఎక్కడికి?"

దండ తెగి నా చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ డిఫెండర్ బంతిని గాల్లోకి లేపాడు. అది వెళ్ళి మా వైపు పడి, ఎవరూ లేని నా గోల్ వైపు దొర్లుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బంతి వెనకాల నేను, నా వెనకాల వాళ్ళ ఫార్వర్డ్. నిజం చెప్తున్నా, నాకు బంతి కనపడట్లేదు, వరసగా బస్సులే కనిపిస్తున్నాయి.

సరిగ్గా గీత ముందు బురదలో బంతి ఇరుక్కుంది. ఎగిరి దాని మీద పడ్డాను, దండతో సహా. మిరపకాయలన్నీ నా గ్లవ్స్ కింద పచ్చడైపోయాయి. ఫైనల్ విజిల్! కరీముల్లా వాళ్ళంతా వచ్చి నా మీద పడ్డారు. మొహమంతా బురద. తుడుచుకున్నాను. దేంతో? ఆ గ్లవ్స్‌తోనే.

అమ్మా అని అక్కడే కూలబడ్డాను. కళ్ళు తెరవలేను, నీళ్ళు ఆగవు. ప్రిన్సిపాల్ గారు వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఆట మీద ఇంత ప్రేమున్న పిల్లలుంటే గ్రౌండ్ ఎలా తీసేస్తామయ్యా?" అన్నారు. ఎవరో ఫోటో తీశారు. ఇప్పుడది ఫ్రేమ్ కట్టించి ఆఫీస్ రూమ్ బయట తగిలించారు.

వచ్చే వారం సెమీస్. నాన్న అప్పుడే రెండు దండలు సిద్ధం చేశాడు, అటు గోల్‌కొకటి, ఇటు గోల్‌కొకటి. ప్రిన్సిపాల్ గారేమో కనపడినప్పుడల్లా, "మళ్ళీ అలాగే ఆడాలి నాయనా" అంటున్నారు. ఆ మాట వింటేనే నాకు కళ్ళు మండుతున్నాయి.