నేను కత్తిరించని రిబ్బన్

1988 వేసవి. లెక్కల టీచరమ్మగా రిటైరైన నన్ను గుంటూరు జిల్లాలోని మా చిన్న పట్టణానికి మునిసిపల్ వైస్ ఛైర్మన్‌ని చేశారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అధికారమంతా ఛైర్మన్, కమిషనర్ల చేతిలో ఉండేది. నా వంతుకు రిబ్బన్లు, జ్యోతులు, దండలు వచ్చేవి.

ఒకరోజు చర్చిపేటలో కొత్త కుళాయి ప్రారంభించమని పిలిచారు. ఆ పేట ఆడవాళ్ళు మిరప కళ్ళాల్లో తొడిమలు తీసే కూలీలు. సాయంత్రానికి చేతులు భగభగ మండుతుంటే, కడుక్కోవడానికి ఊరవతలి బావిదాకా పోవాలి. ఆ చేతులతో చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే.

షామియానా, మైకు, పాస్టరుగారి ప్రార్థన అన్నీ అయ్యాయి. కమిషనరుగారు కత్తెర అందించారు. జవాబు సరిచూడకుండా టిక్కు పెట్టే అలవాటు నాకు లేదు. ముందు కుళాయి తిప్పాను. చుక్క రాలేదు.

"మెయిన్ లైనుకి ఇంకా కలపలేదండి," అన్నారాయన. మెయిన్ అంటే ట్యాంకు నుంచి వచ్చే పెద్ద గొట్టం. "వారంలో అయిపోతుంది. మీరు కానిచ్చేయండి."

ముందు వరసలో బిందె చంకన పెట్టుకుని మరియమ్మ నిలబడి ఉంది. నా దగ్గర చదువుకున్న పిల్లే.

"టీచరుగారూ, మీరు కత్తిరించారంటే పనైపోయిందని రాసేసుకుంటారండీ. ఇంక మావైపు ఎవరూ తొంగిచూడరు," అంది.

నాకు ఒళ్ళు మండింది. కత్తెర పళ్ళెంలో పెట్టేసి కమిషనరుగారి వైపు తిరిగాను.

"బడికి రాని పిల్లకి నేనెప్పుడూ హాజరు వేయలేదండి. రాని నీళ్ళకి వేయమంటారా?"

"మేడమ్, పైపుల సంగతి మీకెందుకు? కత్తిరించడం వరకే మీ పని."

"ఆ పనే మానేస్తున్నానండి."

పేటంతా ఈలలు వేసింది. ఆ పూటే ఛైర్మన్‌గారు ఫోన్‌లో నన్ను దులిపేశారు. పదవి ఊడినా సరే అనుకున్నాను. మళ్ళీ ముహూర్తం పెట్టామంటూ ఆఫీసు మనిషి వచ్చినప్పుడల్లా "నీళ్ళొచ్చాయా?" అని అడిగి పంపేదాన్ని. చివరికి విసుగెత్తి రోడ్డు తవ్వారు.

ఓ సాయంత్రం రిక్షాలో అటు వెళ్తే కుళాయి ధారగా పారుతోంది. మరియమ్మ మోచేతుల దాకా కడుక్కుంటోంది. రిబ్బనూ లేదు, మైకూ లేదు.

"ఏమే, నన్ను పిలవకుండానే మొదలెట్టేశారా?" అన్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త ఉడుక్కున్నాను.

"భలేవారే! నీళ్ళొచ్చాక ఎవరైనా ఆగుతారా టీచరుగారూ? దిగండి, ముందు తాగండి."

ఉత్సవాల పదవికి ఉన్న అసలు అధికారం ఒక్కటే, కాని పనిని అయిందనకపోవడం. పని అయ్యాక మనతో ఎవరికీ అవసరముండదు. ఉండకూడదు కూడా. రిక్షా దిగి, వరసలో నా వంతు వచ్చాక దోసిలి పట్టాను.