మంత్రాల ముత్యాలును గీసిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. మద్రాసులో నాకు కార్డు చేరేసరికే మూడు రోజులయింది. పక్కింటివాళ్ళు ఎవరిచేతో రాయించినట్టున్నారు. "మీ పెద్దమ్మ శుక్రవారంనాడు కాలం చేసినది. జ్వరం నాలుగు దినములే. నిన్ను తలుచుకొన్నది." కార్డులో ఇంతే ఉంది. గుంటూరులో బండి మారి, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, జట్కా ఎక్కి ఊళ్ళోకి వెళ్ళేసరికి చిన్నదినం కూడా అయిపోయింది. కడసారి చూపు నాకు దక్కలేదు.

ఈ పత్రికలో నెలనెలా మంత్రాల ముత్యాలు బొమ్మల కథ చూస్తున్న పిల్లలకూ, వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని చూస్తున్న పెద్దలకూ ఒక సంగతి చెప్పాలి. ముత్యాలు నాది కాదు. బొమ్మల కింద నా పేరు పడుతోంది గాని, ఆ మంత్రాల మనిషిని పుట్టించింది మా పెద్దమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఈ మాట ఆమె బతికుండగానే రాయవలసింది. వచ్చే నెల, ఆ పై నెల అనుకుంటూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పెదనాన్న చిన్న వయసులోనే పోవడంతో పెద్దమ్మ పలకల కార్ఖానాలో పనికి చేరింది. రాయిని పల్చగా చీల్చి, ఇసుకా నీళ్ళూ పోసి నున్నగా రుద్ది, కొయ్య చట్రం బిగించాక పలక ఆమె ముందుకొచ్చేది. బలపంతో గీసి చూడడం ఆమె పని. గీత తెల్లగా పడాలి, తుడిస్తే మచ్చ లేకుండా పోవాలి. అందరూ అడ్డంగా ఒక గీత గీసి పక్కకు నెట్టేవాళ్ళు. మా పెద్దమ్మ గీతకు బదులు బొమ్మ వేసేది. ఒక పలక మీద ముత్యాలు కొండెక్కుతుంది. దాని తర్వాతి పలక మీద పులి ఎదురవుతుంది. ఆ తర్వాతి దాని మీద అదే పులి పొదిగే కోడిపెట్టలా ముడుచుకు కూర్చుని ఉంటుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు తడిగుడ్డతో ఒక్కో పలకా తుడిచేస్తూ, "ఆమీట ఏమాయెనక్కా?" అని తొందరపెట్టేవాళ్ళు. సెలవులొస్తే నేనూ వెళ్ళి వాళ్ళ మధ్య ఇరుక్కునేదాన్ని. నాకు బొమ్మలు గీయడం వచ్చింది అక్కడే.

పొద్దుగూకేసరికి ఆ రోజు కథంతా గుడ్డల్లోకి పోయేది. పలకలు పెట్టెలకెక్కి ఊళ్ళు పోయేవి. ఒకసారి మాత్రం తుడవడం మరిచిన పలక ఒకటి గిద్దలూరు దుకాణానికి వెళ్ళిపోయింది. వాడిన పలక పంపుతారా అని దుకాణదారు దాన్ని తిప్పి పంపాడు. యజమాని వచ్చి కేకలేస్తే మా పెద్దమ్మ తలెత్తకుండానే, "వాడిందే లే సామీ, ముత్యాలు వాడింది" అంది. ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. యజమాని కూడా మీసాల చాటున నవ్వుకుంటూ వెళ్ళాడు.

ముత్యాలు రాజకుమారి కాదు. దోర్నాల అడవిదారిలో నడవలేక కూలబడిన ముసలమ్మను శ్రీశైలం దాకా వీపున మోసుకెళ్ళి, ఆమె దగ్గర మంత్రం నేర్చుకున్న కూలిమనిషి. ఆమె వేసే ప్రతి మంత్రానికీ తలలో ఒక వెంట్రుక నెరుస్తుంది. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగాను.

"ఊరికే చేసేదాంట్లో గొప్పేముండాది పాపా? తనది ఏదన్నా పోగొట్టుకోని చేస్తేనే కదా అది మేలు" అంది పెద్దమ్మ.

నాకు పెళ్ళయి మద్రాసు చేరాక, ఈ పత్రికవాళ్ళు బొమ్మల కథ అడిగారు. కొత్త కాలానికి తగ్గట్టు ముత్యాలును మార్చాలనుకున్నాను. చేతికి గడియారం, కళ్ళకు నల్లద్దాలు, ఎక్కి తిరగడానికి విమానం పెట్టి, మహా పని చేసినట్టు ఆ కాగితాలు పట్టుకుని మార్కాపురం వెళ్ళాను. పెద్దమ్మ ఒక్కొక్క బొమ్మా వేలితో తడిమి చూసింది.

"ఏంది పాపా, ఇన్ని మంత్రాలేసినా తల నల్లగనే ఉండాదే?"

"పిల్లలకు పడుచుగా ఉంటేనే బాగుంటుందన్నారు పెద్దమ్మా."

"గడియారం కడితే ఇప్పటి మనిషయిపోతాదా? ఇప్పటోళ్ళకు ఏం భయాలుండాయో అవి పెట్టు. కిరసనాయిలు దొరకదు. బియ్యానికి పొద్దుననగా పోయి వరసలో నిలబడాల. కొడుకు యుద్ధానికి పోయినాడు, జాబు రాలేదు. ఇయ్యి పెట్టు. మంత్రం పాతదయినా చాలు."

వరసలో నిలబడ్డ ముత్యాలును మీరంతా మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారే, ఆ మెప్పంతా పెద్దమ్మకు చెందాలి. నేను లేచి వస్తుంటే ఆమె గడప దాకా వచ్చి, "ఇంకొక్క మాట. చచ్చినోళ్ళను మాత్రం లేపొద్దు. అది ముత్యాలుకు రాదు" అంది. ఎందుకు రాదని అడిగితే, "రాదంతే" అని లోపలికి పోయింది.

పెద్దమ్మకు ఒక కూతురుండేది. ఊళ్ళోకి కలరా వచ్చిన ఏడు, ఆరేళ్ళ పిల్ల ఒక్క పూటలో పోయింది. అప్పటికి నేను చంటిపిల్లను. మా అమ్మ చెప్పగా విన్నాను. విని కూడా పెద్దమ్మ మాటకూ, దీనికీ ముడి పెట్టుకోలేదు. చదువుకున్నదాన్ని, పట్నంలో ఉన్నదాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

పోయిన ఏడు కథలో ఒక పిల్ల జ్వరంతో చనిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు బెంగపడతారు, ఎలాగైనా బతికించండి అన్నారు సంపాదకులు. ఆయన మంచికే అన్నారు. బతికించింది నేను. ముత్యాలు చేయి ఊపింది, పిల్ల కళ్ళు తెరిచింది, మీ దగ్గర్నుంచి సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. ఎండాకాలంలో వెళ్ళినప్పుడు ఆ సంచిక తీసుకెళ్ళి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాను. ఎంత మురిసిపోతుందో అనుకున్నాను.

ఎప్పట్లాగే వేలు పెట్టి గడి గడీ చూసింది. పిల్ల కళ్ళు తెరిచిన గడి దగ్గర వేలు ఆగింది.

"బాగ గీసినావు పాపా" అంది చివరికి. పుస్తకం మూసి నా చేతికిచ్చి, గోడవైపు చూస్తూ, "లేస్తాదని తెలిసింటే నేను ఇంకో రెండు దినాలు కాసుకోని కూర్చోనుందును కదా. పొద్దు పోతాందని తొందరపెట్టినారు. ఎత్తకపోనిచ్చినాను" అంది.

తప్పయిందని అప్పుడే కాళ్ళు పట్టుకుని ఉంటే సరిపోయేది. కథే కదా పెద్దమ్మా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత ఆమె ముత్యాలు ఊసెత్తలేదు. వచ్చే ఎండల్లో తీరిగ్గా కూర్చుని చెప్పుకుందాం అనుకున్నాను. ఆ ఎండలదాకా ఆమె ఉండలేదు.

మొన్న చిన్నదినం మర్నాడు, పెద్దమ్మతో ముప్ఫై ఏళ్ళు కలిసి పనిచేసిన పక్కింటి అత్త నా దగ్గర కూర్చుంది. పోయిన ఎండాకాలం నుంచి పెద్దమ్మ బొమ్మలు మానేసి, అందరిలాగే అడ్డగీత గీసి పలకలు నెట్టేసేదట. నేను చేసిన పని అత్తకు చెప్పుకుని ఏడ్చాను. ఆమె కొంగుతో నా కళ్ళు తుడిచింది. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది.

"కూతురు పోయినాక నెలకు పనిలోకొచ్చినాది మీ పెద్దమ్మ. ఎవరితోనూ మాట ల్యా. ఆ దినం ముత్యాలు బొమ్మలే వేసినాది. ఎవురి పిల్లో చచ్చిపోయింటాది. ముత్యాలు మంత్రమేసినాది, లేవల్యా. మళ్ళా ఏసినాది, లేవల్యా. ఇంగ ఉన్న మంత్రాలన్నీ ఏసినాది. తలంతా ముగ్గుబుట్టయినాది గాని పిల్ల లేవల్యా. మేము తుడుస్తాండాము, ఏడుస్తాండాము."

"తర్వాత ఏమయిందత్తా?"

"ఏమయితాది? చావింట్లో పొయ్యి ముట్టించరు కదా. ముత్యాలు పక్కింటికి పోయి జావ కాచి, కొంగు కప్పి ఆ తల్లికి తెచ్చినాది. అదే ఆ దినానికి కడాపలక. అది నా చేతికే వచ్చినాది. తుడవనీకి చేతులు రాల్యా తల్లీ. కానీ ఏం చేసేది, పెట్టెకెక్కాల కదా. తుడిచినాను."

కాబట్టి చదువరులారా, పోయిన ఏడు సంచికలో నేను గీసింది తప్పు. ఆ పిల్ల లేవలేదు. ముత్యాలుకు అది రాదు, ఎవరికీ రాదు. పిల్లలు ఏడుస్తారేమోనని సంపాదకులు ఇప్పుడూ అన్నారు. ఏడవనివ్వండి అన్నాను. ఆయన సరేనన్నారు.

ఈ నెల బొమ్మలు అత్త చెప్పినట్టే గీశాను. చివరి గడిలో ముత్యాలు తల పూర్తిగా నెరిసిపోయింది. మంత్రాలేవీ మిగల్లేదు. జావగిన్నె రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోపల ఆ తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇంకా ఇటు తిరగలేదు.