పేర్లు పోగొట్టింది నాగరాజన్న కాదు

నిన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్. నాగరాజన్న ఇక లేడని.

"జోకులు నా డ్యూటీ, నీది కాదులేప్పా" అన్నాను.

అవతల ఎవరూ నవ్వలేదు.

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక పత్తి ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేశాం. నేను టెన్త్ ఫెయిల్, కాటా దగ్గర. అన్న డిగ్రీ, కొత్తగా వచ్చిన కంప్యూటర్ దగ్గర. పత్తి బండ్లు వచ్చిన వరసలో రైతుల పేర్లు అందులో ఎక్కించేవాడు. ఆ వరసలోనే తూకం.

ప్రోగ్రాం అన్నే రాశాడు. "పేరు?" అని అడుగుతుంది. కొడితే ఆ రైతు వంతు చూపిస్తుంది.

కానీ మనం ఏం కొట్టినా పేరే అని నమ్మి, ఉన్నదున్నట్టు మెషిన్‌కి ఆర్డర్‌గా పంపేస్తుంది.

అన్న ఏదో గుర్తు కొట్టి ఫైళ్లలోకి రాయడం వెనక నిలబడి చూశాను. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి పోగానే ఓ పేరు, పక్కన ఆ గుర్తు, దాని పక్కన లిస్టు ఫైల్ పేరు కొట్టాను. ఏదో పిచ్చి మెసేజ్ వస్తుంది, అన్న కంగారుపడతాడు, నవ్వుకుందామని.

ఆ గుర్తు ఫైల్లో ఉన్న పాతదాన్నంతా చెరిపేస్తుందని నాకేం తెలుసు?

లిస్టు ఖాళీ. కాపీ ఫ్లాపీలో ఉంది, కానీ ముందురోజుది.

బయట కోసిగి నుంచి వచ్చిన పత్తి బండ్లు. ఎవరు ముందు, ఎవరు వెనక అని గొడవ.

"ఎవడు చేసినాడ్రా ఇది?" ఫ్యాక్టరీ సావుకారు అరిచాడు.

అన్న నావైపు ఒక్కసారి చూశాడు.

"నా తప్పే సావుకారీ. పేరు అడిగినాను గానీ, వచ్చింది పేరేనా అని చూసుకోలేదు."

"రేపట్నుంచి రావద్దు పో!"

అన్న నోట్‌బుక్ తీసుకుని బండ్ల దగ్గరికి నడిచాడు. ఒక ముసలి రైతు పట్టుకున్నాడు: "ఏమప్పా, నీ టీవీ మా పేర్లు తినేసిందంట? మాకంటే దానికే ఆకలెక్కువుందే!"

"నీ ముందర ఎవరుండ్రి తాతా, అది సెప్పు."

పొద్దు గూకేలోపు అందరి పత్తీ తూకమైంది. అది చూసి సావుకారు మెత్తబడ్డాడు. ఉద్యోగం నిలిచింది.

మరుసటి రోజు అన్న నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"కొట్టు. ఏం సెడగొడ్తావో సెడగొట్టు. సదువుకున్నోళ్లు ఎవరూ ఇట్ల కొట్టర్రా. నీ తిక్క నాకు కావాల."

వారం రోజులు చెడగొట్టాను. పేరు కానిది ఏది కొట్టినా లోపలికి పోకుండా అన్న ఒక్కొక్కటే అడ్డం పెట్టుకుంటూ వచ్చాడు.

తిట్టు మాత్రం ఒక్కటీ లేదు.

కానీ ఊరు ఊరుకుంటుందా? "పేర్లు పోగొట్టిన నాగరాజు" అనే పేరు ఖాయమైంది. నిన్న సాయంత్రం పాడె దగ్గర కూడా ఎవరో అదే అని నవ్వారు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఇంత నోరుండి.

అందుకే ఇక్కడ రాస్తున్నా. అందరూ చదవండి.

ఆ పేర్లు పోగొట్టింది నేను. అన్నకు తెలుసు. బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

లేటయింది, మన్నించన్నా. నెమ్మదిగా పోయిరా. పోయిన చోట నీ ప్రాణం చల్లగా ఉండాలి.