లోతు తగ్గిన గరిటె

మా మనవడు బడిపంతులు. ఈమధ్య వాడికొక అలవాటు పట్టుకుంది. పొద్దున్నే కాఫీ తాగుతూ, పట్నం నుంచి తెప్పించుకున్న పుస్తకమొకటి ముందు పెట్టుకుని, చరిత్రలో ఈ తారీకున ఏం జరిగిందో ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తాడు. ఏ దేశపు రాజు కిరీటం పెట్టుకున్నాడు, ఏ ఓడ ఏ తీరం తాకింది, ఎవరు ఏ యంత్రం కనిపెట్టారు, ఇట్లాంటివి. ఎవరికీ తెలియని ఇలాంటి రోజుల్లోంచి పూటకొక మంచి బుద్ధి ఏరుకుంటే బతుకు బాగుపడుతుందని వాడి నమ్మకం. నేను వద్దనను. కానీ మొన్న శ్రావణమాసం కడపటి గురువారం నాడు పుస్తకం తిరగేసి, ఈ వేళ చెప్పుకోదగ్గదేమీ లేదని మూసేసినప్పుడు మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏటా ఆ రోజు మేము గంజి పోస్తామనే తప్ప, మా ఇంటికి అది ఎలాంటి రోజో వాడికి తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, చెప్పని నా తప్పు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. నా ఈడువాళ్ళు ఇంకా నలుగురు మిగిలి ఉంటే, ధాత కరువు మాట ఎత్తగానే వాళ్ళు కూడా చేతిలో ముద్ద కింద పెడతారు.

ధాత నామ సంవత్సరం పోయి ఈశ్వర సంవత్సరం వచ్చింది గానీ ధాత కరువు మాత్రం పోలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఉదయగిరి దుర్గం కింద మా ఇల్లు. మా నాయన కొయ్య గరిటెలు, తెడ్లు చెక్కేవాడు. కొండ మీది నర్ది చెట్టు కొయ్య తెచ్చి బాడిసెతో చెక్కి రూపు తెచ్చి, వంక ఉలితో లోపల తొలిచాడంటే, ఆ గరిటె నీళ్ళలో వేసినా, నిప్పు దగ్గర పెట్టినా బీట వారేది కాదు. ఆయన పుర్రచేతివాడు. ఎడమచేత్తో ఉలి పట్టేవాడు కనుక గరిటె గుంటలో ఉలి జాడలు అందరివీ ఒక వైపుకు తిరిగితే ఆయనవి రెండో వైపుకు తిరిగేవి. ఈ సంగతి కొనుక్కునేవాళ్ళకు తెలియదు. ఆయనకు ఆ పని నేర్పిన మా అవ్వకు తెలుసు. తాత పోయాక కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఉలి పట్టించింది ఆమే.

ఆ ఏడు తెడ్లు కొనేవాళ్ళెవరు? కుండలో వేసేదే లేకపోతే తిప్పే తెడ్డుతో ఏం పని? చిక్కిన జొన్న పిండిలో చింతగింజల పిండి కలిపి, కొండ మీద తవ్వి తెచ్చిన దుంపలు ఉడకేసి అమ్మ రోజులు నెట్టుకొచ్చింది. నాయన చెల్లెలు, మా మేనత్తను సీతారామపురంలో ఇచ్చారు. చంకలో ఆరు నెలల బిడ్డతో ఆమె ఒకసారి పుట్టింటికి వస్తే, ఉన్నవాళ్ళకే లేదమ్మా అని అమ్మ నోరు జారింది. అత్త మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెనక్కు తిరిగి వెళ్ళింది. మాట పడ్డ ఆడబిడ్డ, మళ్ళీ మా గడప తొక్కలేదు.

అప్పట్లో ఆత్మకూరు బాటలో, మా ఊరికి కోసెడు దూరాన, సర్కారువాళ్ళు గంజి పోసే పాక ఒకటి వేశారు. దాని మీద పెత్తనం మా మేనమామది. ఆత్మకూరు మనిషి, తలపాగా చుట్టి, మాట మెత్తగా ఉండేవాడు. తలకు రెండు గరిటెల గంజి అని లెక్క. ఒకనాడు ఆయన పాకలో వాడే పెద్ద గరిటెను పంచెలో చుట్టుకుని మా ఇంటికి వచ్చి, నాయన ముందు పెట్టి కూర్చున్నాడు. నేను పక్కనే చెక్కపేళ్ళు ఏరుకుంటున్నాను. పిల్లదాన్ని, నన్నెవరు లెక్కపెడతారు.

"బావా, పైకి దీనిమాదిరే ఉండాల. లోపల మాత్రం రెండు వేళ్ళ లోతు తగ్గాల," అన్నాడు.

"అడుగు మందం పెట్టమంటావా?"

"నువ్వయితేనే చెయ్యగలవు. ఇంకోడు చేస్తే చూడంగానే తెలిసిపోతాది."

నాయన చేతిలో ఉలి పక్కన పెట్టాడు. గరిటెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మాటలో పొగడ్త ఉంది, ఆ వెనక, అట్లా మిగిలే బియ్యంలో వారానికి ఇన్ని మానికలు నీకు అన్న మాట కూడా ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ ఉంది. ఆమె వద్దనలేదు. రెండు రోజుల్లో గరిటె తయారయింది. పక్కపక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో నేను కూడా చెప్పలేకపోయాను. అంత అందంగా చెక్కాడు.

ఇంట్లో తెల్లన్నం ఉడికింది. అవ్వ పళ్ళెం ముందు కూర్చుని ముద్ద కలపకుండా కొడుకునే చూసింది.

"ఈ కరువులో గరిటెలెవురు కొంటున్నారురా?"

"ఆత్మకూరోళ్ళు, అమ్మా."

"ఆత్మకూరోళ్ళు తిండి మానేసి గరిటెలు నాకతా ఉండారా?"

నాయన గబగబా ముద్దలు మింగి లేచాడు. అవ్వ ఆ పూట తిన్నది. ఆ సంగతి ఆమె చచ్చేదాకా చెప్పుకుని తనను తాను తిట్టుకునేది.

పదిహేను రోజులు గడిచాయి. మీ కూతురు గంజి వరసలో నిలబడి ఉండగా చూశామని ఎవరో అవ్వ చెవిన వేశారు. ఆమె నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. అది శ్రావణమాసం, కడపటి గురువారం. శ్రావణమని పేరే గానీ నేల మీద అడుగు పెడితే కాలేది. పాక దగ్గర మనుషులు మనుషుల్లా లేరు, ఎముకల మీద బట్ట ఆరేసినట్టు ఉన్నారు. వాళ్ళ మధ్య మా అత్త. చంకలో బిడ్డ ఏడవడం కూడా మానేసింది. అత్త చేతిలో మట్టి ముంత ఉంది. పురుడు పోసి పంపినప్పుడు అవ్వే ఇచ్చిన ముంత అది.

"ఇంటికి రావే," అంది అవ్వ.

"ఏ ఇంటికి?" అంది అత్త. అప్పుడే వరస కదిలి ఆమె వంతు వచ్చింది. పోసేవాడు రెండు గరిటెలు పోశాడు. అత్త ముంతలోకి చూసి, వాళ్ళమ్మతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "మొదట్లో రెండు గరిటెలకి మెడదాకా వచ్చేది. ఇప్పుడు సగానికి గూడా రాలా. గరిటె అదే. ముంతే పెరిగినట్టుండాది."

నలభై ఏళ్ళు పదిమందికి వడ్డించిన చెయ్యి అవ్వది. ఆ మాట విని ఊరుకునే మనిషి కాదు. ముందుకు వెళ్ళి పోసేవాడి చేతిలో గరిటె లాక్కుంది. గంజి తుడిచి గుంటలో బొటనవేలు పెట్టి ఒక్కసారి చుట్టూ తిప్పింది. ఆ వేలు మధ్యలో ఆగిపోవడం నేను చూశాను. ఉలి జాడలు రెండో వైపుకు తిరిగి ఉన్నాయి.

మా మేనమామ పరుగున వచ్చి గొంతు తగ్గించి, "అత్తా, ఇంటి గుట్టు. నీ కొడుకు పేరు బయటపడితే ఈ జనం కొంప తగలబెడతారు. మాట్లాడకుండా పో," అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ పక్క కూతురు, ఈ పక్క కొడుకు. నోరు మూసుకుని కూతుర్ని ఇంటికి తీసుకుపోతే కొడుకు నిలుస్తాడు, వరసలో ఉన్నవాళ్ళకు రేపు కూడా సగం గంజే. నోరు తెరిస్తే కొడుకు ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు, అసలు ప్రాణమే నిలుస్తుందో లేదో. అవ్వ గరిటెను తల మీదికెత్తి పట్టుకుంది.

"అయ్యల్లారా, అందురూ చూడండి. దీంట్లో మీ నోటి కూడు సగం కొయ్య తిన్నాది. చెక్కింది నా కొడుకు. చెక్కమన్నది ఈ తలపాగా. రాళ్ళు ఎయ్యాలంటే ముందు నా మీద ఎయ్యండి, నేను కన్నాను వాణ్ణి."

రాళ్ళు వేసే ఓపిక కూడా వాళ్ళకు లేదు. మా మేనమామ తలపాగా లాగి తొక్కారు. ఆయన ఆత్మకూరు వైపు పరుగెత్తాడు, మళ్ళీ ఆయన ముఖం మేము చూడలేదు. ఇంకా నడవగలిగిన నలుగురు మగవాళ్ళు మా ఇంటికి వెళ్ళి నాయనను వంక ఉలితో సహా పట్టుకొచ్చారు. ఆయన వచ్చి వరసలో చెల్లెల్ని చూశాడు. అప్పటిదాకా ఆయనకు తెలియదు. అవ్వ గరిటె చేతికిచ్చి, "తొలవరా," అంది. రెండు వేళ్ళ లోతు తగ్గించానని అందరి ముందూ ఒప్పుకుని, ఆ ఎండలో, అంతమంది తిట్లు పడుతూ, ఆయన కూర్చుని ఆ గరిటెను తొలిచాడు. అడుగు మందం పోయి, పాత లోతు వచ్చినా ఆపలేదు. చివరికి వెలుతురు అవతలికి కనబడేంత పల్చన అయింది. ఆ గరిటెతోనే ఆ రోజు మళ్ళీ మొదటి నుంచి అందరికీ పోశారు.

బిడ్డ నాలుగోనాడు పోయింది. గరిటె వల్ల పోయిందా, అంతకు ముందే తల్లి పాలు ఎండి పోయిందా, ఎవరు చెప్పగలరు? ఆ ఏడు ఏ బిడ్డ ఎందుకు పోయిందని అడిగేవాళ్ళే లేరు. మా అత్త మాత్రం అడిగింది. మా వాకిట్లో, గడప అవతలే నిలబడి, "రెండు వేళ్ళంటే ఎంతన్నా?" అని ఒక్క మాట అడిగింది. అన్నతో ఆమె ఆడిన ఆఖరి మాట అదే.

మరుసటేడు వానలు పడి చేలు పండాయి. శ్రావణం కడపటి గురువారం వచ్చేసరికి అవ్వ ఇంట్లో ఉన్న జొన్నలన్నీ గంజి కాయించి, కొత్తగా ఒక లోతైన గరిటె చెక్కించి, నాయనను ఆత్మకూరు బాట మీద నిలబెట్టింది. ఆ తర్వాత ఏటా అంతే. పుణ్యం కోసం కాదు, మొక్కూ కాదు. వచ్చేవాళ్ళు ఊరికే తాగి పోయేవాళ్ళు కాదు. "అడుగు చూపించరా ముందు," అనేవాళ్ళు. "ఈ ఏడు కొయ్యెంత, గంజెంత?" అనేవాళ్ళు. ముసలివాళ్ళు తాగి మూతి తుడుచుకుని, కరువులో పోయిన తమవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి మరీ తిట్టేవాళ్ళు. నాయన తల వంచుకుని పోసేవాడు. అత్త సీతారామపురం నుంచి నడిచి వచ్చేది. ముంత చాపి రెండు గరిటెలు పోయించుకుని, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, ఒక్క చుక్క నోట పెట్టకుండా వెనక నిలబడ్డవాళ్ళ ముంతలో వంచి వెళ్ళిపోయేది. అది చూసిన రాత్రి నాయన అన్నం తినేవాడు కాదని వేరే చెప్పనక్కరలేదు. అయినా ఒక్క ఏడు కూడా ఆయన పోనని అనలేదు. ఆయన పోయాక ఆ చోట నేను నిలబడ్డాను, తిట్లు కూడా ఆస్తిలాగే నాకు వచ్చాయి. వాటికి జడిసే నేను ఈ రోజుకూ ఎవరికి వడ్డించినా చెయ్యి వెనక్కు తీయను. మా మనవడు ఏరుకొమ్మనే బుద్ధి నాకు అక్కడే దొరికింది.

మొన్న కూడా వెళ్ళాను. కోడలు గంజిలో బెల్లం వేసింది, యాలకులు కూడా వేసింది. నేను నేలమాళిగలా నోరు మూసుకుని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోతే వాళ్ళకెట్లా తెలుస్తుంది? ఆత్మకూరు వైపు పోయే బండ్లవాళ్ళు, కూలికి పోయే ఆడవాళ్ళు ఆగి తాగారు. ఒక్కరూ గరిటె వైపు చూడలేదు. ఒక్కరూ ఎవరి పేరూ తలచి తిట్టలేదు. ఒక పడుచు పిల్ల తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "మీ పెద్దోళ్ళు ఎంత పుణ్యాత్ములో గదవ్వా, ఇంత దూరం ఆలోచించి ధర్మం పెట్టి పోయినారు," అని నా కాళ్ళకు దండం పెట్టింది.

కాదే పిచ్చిదానా అనబోయాను. అంతలో వెనకాయన ముంత చాపాడు, పోశాను. తిట్టినవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు పోయారు. మా మేనత్త పోయి పన్నెండేళ్ళయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ బిడ్డ ఒకర్తి పుట్టిందని, పోయిందని ఏడాదికొకసారైనా ఆ బాట మీద తెలిసేది. ఇప్పుడు గంజి తియ్యగా ఉంది, అందరూ దీవించి పోతున్నారు, ఆ దీవెనలన్నీ నా ఒంటి మీద నిప్పుల్లా పడుతున్నాయి.